ఇరవై నాలుగు కుళాయిల గోడ

ఆ ఊళ్ళో బీరు హాళ్ళు నడిపేవాళ్ళెవరికీ ఆమె అసలు పేరు తెలియదు. తెలుసుకోవాలని ఎవరికీ తోచనూ లేదు. "పానా పిన్నికి కబురు పెట్టండి" అంటే చాలు, ఎవరో ఒకరు ఫోనందుకునేవారు. నడుముకు కట్టుకున్న తోలు పటకాకి ఎప్పుడూ ఒక కొక్కెం పానా వేలాడుతుండేది కాబట్టి పానా. ఎంత పెద్దవాణ్ణయినా సొంత మనిషిలా చీవాట్లు పెట్టేది కాబట్టి పిన్ని.

యాభై రెండేళ్ళ మనిషి. పొట్టి. చేతులు మాత్రం ఆ ఒంటికి తగ్గవి కావు, ఎవరో పొడుగాటి మనిషి దగ్గర అరువు తెచ్చుకున్నట్టు ఉంటాయి. హాల్లోకి అడుగు పెట్టగానే మనుషులకంటే ముందు కుళాయిలను పలకరించేది. వరసగా ఒక్కొక్కదాని మెడ పట్టుకుని మెల్లగా కదిపి చూసేది. కదలకపోతే దాటి వెళ్ళేది. కదిలితే మాత్రం, "దీన్ని బిగించిన మహానుభావుడెవరు?" అని హాలంతా వినిపించేలా అడిగేది. ఆ మహానుభావుడు అక్కడే ఉంటే, ఏదో పని గుర్తొచ్చినట్టు వెనక గదిలోకి జారుకునేవాడు.

ఆమెకు తాగే అలవాటు లేదు. పని అయ్యాక ప్రతి కుళాయి నుంచీ ఒక గుక్క పట్టి, నాలుక మీద తిప్పి, బకెట్లో ఉమ్మేసేది. "పులిసింది" అందంటే పులిసిందే. దాని మీద ఇక అప్పీలు లేదు.

ఇరవై ఆరేళ్ళ వయసులో ఆమె ఈ లోకంలోకి వచ్చింది మెకానిక్కుగా కాదు, గ్లాసులు కడగడానికి. భర్త సిటీ బస్సు డ్రైవరు. గూడ్సు షెడ్డు వెనకున్న బీరు హాల్లో పగటిపూట పని దొరికితే చేరింది. ఆ హాలుకి పదిహేను రోజులకోసారి ఒక ముసలి మెకానిక్కు వచ్చి, గొట్టాలు కడిగి, కుళాయిలు విప్పి బిగించి పోయేవాడు. ఎవరైనా పక్కన నిలబడితే "ఏం, ఇక్కడేమైనా సినిమా ఆడుతోందా?" అని కసిరేవాడు. అలాంటాయన ఒకరోజు మెట్ల మీద జారి కుడిచెయ్యి విరగ్గొట్టుకున్నాడు. పిండికట్టుతో వచ్చి, అటూ ఇటూ చూసి, తొట్టి దగ్గరున్న ఆమెను పిలిచాడు.

"నీకు రెండు చేతులున్నాయిగా. ఇటు రా."

నలభై రోజులు ఆయన నోరు, ఆమె చేతులు. ఏ హాలుకి వెళ్ళినా ఆయన స్టూలు మీద కూచుని చెప్పేవాడు, ఆమె చేసేది. తప్పు చేస్తే తిట్టేవాడు, సరిగ్గా చేస్తే ఊరుకునేవాడు. ఆయన ఊరుకున్నాడంటే బాగా చేసినట్టని ఆమెకు వారంలో అర్థమైపోయింది. పిండికట్టు విప్పించుకున్న రోజున ఆయన, ఆమె బిగించిన కుళాయిని పట్టుకుని గుంజి చూశాడు. మళ్ళీ గుంజాడు. "నా చేతికంటే నీ చెయ్యే నయం" అన్నాడు. ఆయన ఒకరిని మెచ్చుకోగా ఆ హాళ్ళలో అంతకుముందు విన్నవాళ్ళు లేరు. ఆ మాట పిన్ని ఇప్పటికీ చెప్పుకుంటుంది, కాస్త గీరగానే.

ఆ పని గురించి తెలియనివాళ్ళకి రెండు మాటలు చెప్పాలి. చల్లగదిలో బీరు పీపాలుంటాయి. గ్యాసు తోస్తే బీరు సన్న గొట్టాల్లోంచి గోడ దాకా వస్తుంది. గోడలో జానెడు స్టీలు గొట్టం ఒకటి దిగి ఉంటుంది. దాన్ని షాంకు అంటారు. దాని ఇవతలి చివర కుళాయి కూర్చుంటుంది. రెండింటి మధ్య నాణెమంత వాషరు. షాంకు అంచుకీ కుళాయి వెనక భాగానికీ సన్నని పళ్ళుంటాయి, ఒకదానిలో ఒకటి కరుచుకోవడానికి. ఈ రెంటినీ దగ్గరికి లాగి పట్టుకునేది షాంకుకు గాజులా వేలాడే ఒక నట్టు. చూసేవాళ్ళందరి కళ్ళూ రంగురంగుల పిడి మీదే ఉంటాయి. అసలు కాపురమంతా ఆ నట్టు లోపల.

పోతే, ఆ నట్టు ఎదురుగా నిలబడి చూసేవాళ్ళకి తిరకాసుగా తిరుగుతుంది. కుడికి తిప్పితే ఊడుతుంది, ఎడమకి తిప్పితే బిగుస్తుంది. ఈ సంగతి తెలియక చెమటలు కక్కిన మగవాళ్ళను పిన్ని ఎందరినో చూసింది. ముందు కాసేపు చూసి, ఆ తర్వాతే చెప్పేది.

ఇంట్లో మాత్రం ఈ పేరుప్రతిష్ఠలు గుమ్మం దాకానే. అత్తగారికి బీరు అనే మాట నోటితో పలకడమే కష్టం. ఇరుగుపొరుగు అడిగితే "మా కోడలు పైపుల పని చేస్తుంది" అనేది. "నీళ్ళ పైపులా?" అంటే, "ఆఁ, అలాంటివే" అని కూరగాయల ధరల్లోకి మాట మళ్ళించేది. పిన్ని పట్టించుకున్నట్టు కనిపించేది కాదు. పట్టించుకునేది.

ఆమె మనసు తెలిసిన మనిషి ఆ ఇంట్లో ఆడపడుచు. మామగారు పోయాక పెరట్లోని లేతు షెడ్డును ఆ పిల్లే, అంటే ఇప్పుడు నలభై అయిదేళ్ళ మనిషి, నడుపుతోంది. పొద్దున్నే నీలం రంగు కోటు తొడుక్కుని మిషను దగ్గర నిలబడితే, ఇనుము వెన్నలా చెక్కుతుంది. వదినా ఆడపడుచుల మధ్య గొడవలు లేకపోలేదు. అవి ఎక్కువగా కొలతల గురించి.

ఒక బుధవారం ఉదయం పిన్నికి ఫోను వచ్చింది. నది పక్క పాత నూలు గోదాముని బాగుచేయించి, దాన్ని పెద్ద బీరు హాలుగా మార్చిన యజమాని నుంచి. తెల్ల పలకలు పరిచిన ఒకే గోడకి ఇరవై నాలుగు కుళాయిలు. అంత పొడవు గోడ ఆ ఊళ్ళో ఇంకెక్కడా లేదు. సామాను పంపిన కంపెనీ తన ఇంజినీరునే పంపి బిగింపు పని చేయించింది.

"పిన్నీ, నువ్వు రావాలి. ఎల్లుండి సాయంత్రం మూడొందల మంది వస్తున్నారు. కుళాయి తిప్పితే బీరు రావట్లేదు, సబ్బు నురగ వస్తోంది. పైగా కారుతున్నాయి."

"బిగించింది ఎవరు?"

"కంపెనీ వాళ్ళే."

"అయితే కంపెనీ వాళ్ళనే అడగకపోయావా?"

"రెండు రోజులుగా అడుగుతూనే ఉన్నా. ఆయన గ్యాసు తగ్గిస్తాడు, పెంచుతాడు, తగ్గిస్తాడు. నా రక్తపోటు కూడా దాంతో పాటే ఆడుతోంది."

పిన్ని వెళ్ళేసరికి యజమాని కాలు కాలిన పిల్లిలా గోడ ముందు అటూ ఇటూ తిరుగుతున్నాడు. భారీ మనిషి, చేతిలో తాళాల గుత్తి. ఇంజినీరు చల్లగది గుమ్మంలో మోకాళ్ళ మీద కూచుని గ్యాసు మీటరు చూస్తున్నాడు. ముప్పయ్యేళ్ళుంటాయి, మర్యాదస్తుడే, నిద్ర లేక కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. గోడ కింద వరసగా పెట్టిన గ్లాసుల్లో మూడొంతులు నురగ.

"పీడనం ఎక్కువైందండీ," అన్నాడు లేచి నిలబడుతూ. "లేకపోతే చల్లదనం చాలట్లేదు. ఈ రెంటిలో ఒకటి."

పిన్ని సరేనన్నట్టు తలూపి, తన అలవాటు ప్రకారం మొదటి కుళాయి మెడ పట్టుకుంది. ఊగింది. రెండోది ఊగింది. మూడోది రాయిలా ఉంది. నాలుగోది ఊగడమే కాదు, పక్కదాని భుజం మీద వాలిపోయేలా ఒరిగి ఉంది. చివరిదాకా వెళ్ళి వచ్చింది. ఇరవై ఒకటి ఊగుతున్నాయి. మూడోది, పదకొండోది, ఇరవై రెండోది ఊగట్లేదు. ఆ మూడింటినీ తెరిచి గ్లాసు పట్టింది. చక్కగా నిండింది, పైన రెండు వేళ్ళ నురగ.

"బాబూ," అంది ఇంజినీరుతో, "ఈ మూడింటికీ గ్యాసు వేరే ఊరి నుంచి వస్తోందా?"

"లేదండీ. అన్నింటికీ ఒకటే."

"చల్లగది?"

"ఒకటే."

"మరి రోగం గ్యాసుదో చల్లదనానిదో అయితే, అందరికీ రావాలి కదా. ఈ ముగ్గురూ ఎలా తప్పించుకున్నారు?"

ఇంజినీరు తిరిగి ఆ మూడు కుళాయిల వైపు చూశాడు. యజమాని తాళాల గుత్తి చప్పుడు ఆగింది.

పిన్ని ఒకటో కుళాయి విప్పింది. వాషరు కొత్తదే, శుభ్రంగా ఉంది. సంచిలోంచి పల్చటి కాగితం తీసి, కత్తెరతో వాషరంత చక్రం కత్తిరించింది. దాన్ని షాంకు అంచుకీ కుళాయికీ మధ్య పెట్టి, పానాతో ఎడమకి, శక్తి కొద్దీ బిగించింది. మళ్ళీ విప్పి కాగితం బయటికి తీసింది. దాని మీద గీత లేదు, నొక్కు లేదు. వేసిన కాగితం వేసినట్టే వచ్చింది. తర్వాత మూడో కుళాయి విప్పి అక్కడా అదే పని చేసింది. ఈసారి కాగితం చుట్టూ సన్నని పళ్ళ గాట్లు, చీమలు కొరికినట్టు వరసగా పడ్డాయి.

ఆ రెండు కాగితాలూ ఇంజినీరు అరచేతిలో పెట్టింది.

"ఇది కరిచింది. ఇది కరవలేదు. ఇప్పుడు నట్టు అంచు చూడు."

మూడో కుళాయి దగ్గర నట్టు అంచుకీ కుళాయి ఒంటికీ మధ్య వెంట్రుకంత సందు కనిపిస్తోంది. ఒకటో కుళాయి దగ్గర ఆ సందు లేదు. నట్టు పోయి కుళాయి ఒంటికి అతుక్కుపోయింది. ఇంక ముందుకు పోవడానికి దారి లేదు. పానాకి మాత్రం గట్టిగా బిగిసినట్టే తగులుతుంది.

"నట్టు పొడుగు," అన్నాడు ఇంజినీరు మెల్లగా.

"నట్టు పొడుగు," అంది పిన్ని. "ఇద్దర్నీ దగ్గరికి చేర్చమని పెద్దమనిషిని పంపితే, ఆయన ఒకళ్ళింట్లోనే భోజనానికి కూచున్నాడు. లోపల వాళ్ళిద్దరూ ఎడమొహం పెడమొహంగానే ఉన్నారు. ఆ సందులోంచి బీరు కారుతోంది. లోపల పోయే బీరు ఆ సందులో సుడి తిరిగి నురగవుతోంది. పిడి లాగిన ప్రతిసారీ కుళాయి ఊగుతోంది. నువ్వేమో పాపం గ్యాసుని దండిస్తున్నావు."

ఇంజినీరు పెట్టెలన్నీ వెతికి తెచ్చాడు. ఇరవై ఒక్క షాంకులూ వాటి నట్లూ కంపెనీ కొత్తగా కుదుర్చుకున్న పోత బట్టీలో తయారైనవి, మూడు పాత సరుకులోవి. సంగతి తేలిపోయింది. కంపెనీకి ఫోను చేశాడు. పాత నట్లు రావాలంటే పది రోజులన్నారు.

యజమాని అక్కడున్న బల్ల మీద కూలబడ్డాడు. చివరికి ఇంజినీరే అన్నాడు.

"ఒక దారుందండీ. వాషర్లు రెండేసి వేద్దాం. సందు నిండుతుంది. శుక్రవారం గడిచిపోతుంది."

యజమాని ప్రాణం లేచివచ్చినట్టు తలెత్తాడు. "అవుతుందా? అయితే వెయ్యండి, వెంటనే వెయ్యండి!"

"నేను వెయ్యను," అంది పిన్ని.

"అదేంటి పిన్నీ?"

"ఒకదాని మీద ఒకటి వేస్తే వాషర్లు నిలవవు, జారతాయి. శుక్రవారం బాగానే ఉంటుంది. మధ్యలో చేరిన బీరు వారానికి పులుస్తుంది. పదిహేను రోజులకి నీ హాల్లో బీరు వాసనేస్తోందంటారు. అప్పుడు ఈయన ఇక్కడుండడు. ఊళ్ళో ఉండేది నువ్వూ నేనూ. ఇరవై ఆరేళ్ళుగా నేను బిగించిన కుళాయి ఊగిందన్న మాట పడలేదు. ఇప్పుడు పడలేను."

"మరి నన్నేం చెయ్యమంటావు?"

"రేపొక్క రోజు టైమివ్వు. నట్లన్నీ తీసి కొన కోయిస్తాను. మాకు లేతుంది."

"నట్టు తియ్యాలంటే షాంకు గోడలోంచి రావాలి!" అన్నాడు యజమాని. ఆయనకి ఆ పాటి తెలుసు. "కొత్త పలకలు పిన్నీ! ఒక్కటి పగిలినా గోడంతా కురూపవుతుంది."

పిన్ని ఇంక వాదించలేదు. స్వెట్టరు తొడుక్కుని చల్లగదిలోకి పోయి, వెనకవైపు బిగింపు వదులు చేసింది. ఇవతలికి వచ్చి, తడిగుడ్డ చుట్టి, రెండు చేతులతో షాంకుని పట్టుకుని, పసిపిల్ల చేతిలోంచి గాజు తీసినంత నెమ్మదిగా బయటికి లాగింది. పలక మీద గీత కూడా పడలేదు. యజమాని గోడకి ముక్కు ఆనించి మరీ చూశాడు. వెనక్కి జరిగి, తాళాల గుత్తి జేబులో వేసుకున్నాడు.

"కానివ్వు," అన్నాడు.

ఆ సాయంత్రానికి ఇరవై ఒక్క షాంకులూ బయటికొచ్చాయి. గురువారం పొద్దున ఏడింటికి పిన్ని నట్ల బుట్ట తీసుకెళ్ళి లేతు షెడ్డులో ఆడపడుచు ముందు పెట్టింది, పక్కన ఒక కుళాయి, ఒక షాంకు.

ఆడపడుచు నట్టుని వేళ్ళ మధ్య తిప్పి, వెర్నియరు కొలబద్దతో కొలిచి, మూడో కుళాయి నట్టు దగ్గర పిన్ని తీసుకొచ్చిన కొలతతో పోల్చింది. "మిల్లీమీటరు పొడుగు," అంది.

"ఒకటిన్నర కోసెయ్."

"వదినా, కుళాయిల సంగతి నువ్వు చెప్పు, వింటా. కోత సంగతి నాకొదిలెయ్. ఎక్కువ కోస్తే మరలు చాలవు. పోయిన ఇనుము నువ్వు ఏడ్చినా తిరిగి రాదు."

"ఎవరేడుస్తారట?"

"ఒక మిల్లీమీటరు కోసి చూద్దాం."

కోసి, కాగితం పెట్టి బిగించి చూశారు. గాట్లు పడ్డాయి గానీ ఒకవైపు గట్టిగా, ఒకవైపు కనీకనపడకుండా. మరో పావు మిల్లీమీటరు తీసింది. ఈసారి కాగితం చుట్టూరా ఒకే లోతున గాట్లు పడ్డాయి. పిన్ని కుళాయిని గుంజింది. షాంకుతో సహా ఆడపడుచు చెయ్యి కదిలింది గానీ కుళాయి కదల్లేదు.

"ఒకటింపావు," అంది ఆడపడుచు. "నువ్వూ ఓడలేదు, నేనూ ఓడలేదు."

"పావు నాకే దగ్గర," అంది పిన్ని. నిజానికి అది రెండింటికీ సమానదూరమే.

పని ఊపందుకుంది. ఆడపడుచు కోస్తుంటే, పిన్ని అంచులకున్న గరుకు ముళ్ళు ఆకురాయితో తీసి, వేడినీళ్ళలో కడిగి, గుడ్డ మీద ఆరబెట్టింది. ఎనిమిదో నట్టు దగ్గర మిషను పట్టు జారింది. కీచుమని చప్పుడు. ఆడపడుచు మిషను ఆపేసి నట్టుని తీసి చూసింది. గుండ్రంగా ఉండాల్సింది కోడిగుడ్డయింది. ఇరవై ఏళ్ళుగా ఆ మిషను మీద పని చేస్తున్న మనిషి.

"నా చేతి తప్పు వదినా. పట్టు సరిచూసుకోలేదు."

ఇంకొకరైతే పిన్ని నోటి ముందు నిలిచేవాళ్ళు కాదు. ఆమె ఆ నట్టుని తీసుకుని, అటూ ఇటూ తిప్పి, పక్కన పెట్టింది.

"మిగతా పదమూడూ కానియ్. దీని సంగతి తర్వాత చూద్దాం."

ఆడపడుచు మూలన వాళ్ళ నాన్న దాచిపెట్టిన లోహపు కడ్డీల్లో వెతికి, బొటనవేలికి రెండింతల లావున్న ఇత్తడి కడ్డీ ఒకటి లాగింది.

"నట్టుకి బీరు తగులుతుందా?" అని అడిగింది.

"తగలదు. లాగి పట్టుకోవడమే దాని పని."

"అయితే కొత్తది చేస్తాను."

మిగతావి పూర్తయ్యాక ఆ ఇత్తడి ముక్కని బిగించి, మధ్యలో తొలిచి, లోపల మరలు కోయడం మొదలుపెట్టింది. అది నిదానం పని. నాలుగుసార్లు ఆపి, కుళాయిని పెట్టి చూసుకుంది. అయిదోసారి కుళాయి మర మీద నట్టు, నూనె రాసినట్టు, వేలితో తోస్తేనే చివరిదాకా తిరుగుతూ పోయింది. ఆ చప్పుడు లేని కదలికని ఇద్దరూ కళ్ళార్పకుండా చూశారు. అప్పటికి షెడ్డు కిటికీలో ఇంకా ఎండ ఉంది.

"నాన్న ఉంటే ఏమనేవాడంటావ్?" అంది ఆడపడుచు.

"మర కోణం ఒకచోట తప్పిందనేవారు."

"తప్పలేదు!"

"నాకు తెలుసు. ఆయన పైకి ఒకసారి అలా అనేసి, తర్వాత మురిపెంగా నాలుగుసార్లు తీసి చూసుకునేవారు."

శుక్రవారం ఉదయం ఇద్దరూ హాలుకెళ్ళారు. వెనక చల్లగదిలో ఆడపడుచు, ముందు గోడ దగ్గర పిన్ని. షాంకు దిగడం, వాషరు కూర్చోవడం, కుళాయి తగలడం, నట్టు తిరగడం. ప్రతిదానికీ ముందు కాగితం పరీక్ష. ఇంజినీరు చొక్కా చేతులు మడిచి, ఎవరూ చెప్పకుండానే వాషర్లు అందించడం మొదలుపెట్టాడు. పదిహేడో స్థానంలో ఇత్తడి నట్టు పడింది. తెల్లటి వరసలో అదొక్కటే పచ్చగా మెరుస్తుంటే, "దానికి వెండి రంగు పూత వేయిద్దామా?" అన్నాడు ఇంజినీరు. యజమాని చెయ్యి అడ్డం పెట్టాడు. "ముట్టుకోకండి. అది అలాగే ఉండాలి."

పదకొండు దాటాక గుమ్మంలో చిన్న సందడి. చూస్తే అత్తగారు. చేతిలో టీ ఫ్లాస్కు, రొట్టెల డబ్బా. కోడలూ కూతురూ నిన్నట్నుంచీ తిండి సంగతి మరిచారని అడ్రసు కనుక్కుని మరీ వచ్చింది. జీవితంలో మొదటిసారి ఒక బీరు హాల్లో అడుగు పెట్టింది. చీర కుచ్చెళ్ళు కాస్త ఎత్తి పట్టుకుని, తడి ఉన్న చోటల్లా దాటుకుంటూ వచ్చి, గోడ ముందు ఆగింది.

"ఇవన్నీ మీరేనా?"

"ఇరవై ఒకటి మేం. మూడు మాత్రం వాటంతటవే బాగున్నాయి అత్తయ్యా."

ఆవిడ మెల్లగా చెయ్యి చాచి ఒక కుళాయి మెడ పట్టుకుంది. కదిపింది. ఇంకొంచెం గట్టిగా కదిపింది. తర్వాత పక్కది. అలా నాలుగైదు చూసి, ఇత్తడి నట్టు దగ్గర ఆగింది.

"ఇది నేను చేశానమ్మా," అంది ఆడపడుచు, "నాన్న దాచిన కడ్డీతో."

అత్తగారు ఆ నట్టుని చీర చెంగుతో తుడిచింది. తుడవాల్సిన మరకేం దాని మీద లేదు.

ఇంతలో యజమాని వచ్చి, "మీరెవరమ్మా?" అని అడిగాడు.

"నేనా?" అందావిడ నిటారుగా నిలబడి. "బిగించినావిడ అత్తగారిని. చేసినావిడ అమ్మని."

పిన్ని వెంటనే అటు తిరిగి, అక్కర్లేని బోల్టు ఒకటి బిగించసాగింది. అది అప్పటికే బిగిసి ఉందని ఆడపడుచుకి తెలుసు. ఆ మధ్యాహ్నం అత్తగారు ఇంటికి పోతూ దారిలో ఎదురైన పక్కింటావిడని ఆపి మరీ చెప్పిందట: "మా కోడలు బీరు కుళాయిల మెకానిక్కు. ఊళ్ళో అంత పెద్ద గోడ ఇంకోటి లేదు." బీరు అనే మాట అంత స్పష్టంగా పలకగలదని ఆవిడకే అప్పటిదాకా తెలియదు.

సాయంత్రం అయిదింటికి తలుపులు తెరిచారు. ఆరు కొట్టేసరికి గోడ ముందు ఖాళీ లేదు. కుళాయిలన్నీ ఒకేసారి తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. పిన్ని ఒక చివర నిలబడి, మనుషుల చేతుల కిందుగా తన చెయ్యి పోనిచ్చి, ఒక్కొక్క నట్టు అడుగున వేలితో తడిమి చూసింది. పొడి. పక్కది పొడి. జనాన్ని తప్పించుకుంటూ అవతలి చివరికి చేరేసరికి ఆమె వేలికి తడి తగలనే లేదు. గ్లాసుల్లో నురగ రెండు వేళ్ళే. ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి పిడి లాగి, "ఎంత గట్టిగా ఉందో చూశావా, ముచ్చటగా ఉంది" అని పక్కవాడితో అన్నాడు. కుళాయి గట్టిదనాన్ని మెచ్చుకునే తాగుబోతుని ఆమె చూడడం అదే మొదటిసారి. జన్మకి చాలనిపించింది.

ఇంజినీరు రెండు కుర్చీలు తెచ్చి ఆమెను ఓ మూల కూర్చోబెట్టాడు.

"నేను గ్యాసు దగ్గరే ఆగిపోయానండీ. నట్టు గట్టిగా తగిలింది కదా అని దాని వైపు చూడనేలేదు."

"నువ్వు చదువుకుంది గ్యాసు గురించి. నా చేతికి మొదట తగిలేది మెడ. అంతే తేడా. కాగితం ముక్క ఇప్పుడు నీ దగ్గరా ఉందిగా."

"కంపెనీకి రిపోర్టు రాయాలి. మీరు చెప్పండి, నేను రాస్తాను."

ఆమె చెప్పింది, అతను రాశాడు. ఎన్ని ఊగాయి, ఏవి ఊగలేదు, కాగితం ఎలా వచ్చింది, ఎంత కోశారు, వాషర్లు రెండు ఎందుకు వెయ్యకూడదు, అన్నీ. చివర "కనుగొన్నవారు" అన్న చోట ఆమె పేరు రాయబోతుంటే ఆపింది.

"ఇద్దరి పేర్లూ రాయి. కనిపెట్టడం నాది, కోత మా ఆడపడుచుది. కోతే తప్పితే నా కనిపెట్టడం ఎందుకూ కొరగాదు."

"మరి నా పేరు?"

"వాషర్లు అందించావుగా. నీదీ రాసుకో."

అతను నవ్వాడు గానీ, నిజంగానే రాసుకున్నాడు. బిగింపులో తన పొరపాటు గురించి కూడా ఒక వాక్యం రాశాడు. అది చదివి వినిపించినప్పుడు పిన్నికి ఆ మనిషి మీద గౌరవం కలిగింది.

నాలుగు నెలల తర్వాత లేతు షెడ్డుకి ఒక అట్టపెట్టె వచ్చింది. లోపల పన్నెండు నట్లు, కొత్త నమూనా గీసిన కాగితం, ఒక ఉత్తరం. బట్టీ వాళ్ళు నట్టు పొడవు మార్చారనీ, ఆ పొడుగు నట్లున్న ఊళ్ళన్నింటికీ ఇవే పంపబోతున్నారనీ, దానికి ముందు మీరిద్దరూ చూసి సరేననాలనీ ఆ ఉత్తరం సారాంశం. ఆడపడుచు పైకి చదువుతుంటే పిన్ని రెండుసార్లు ఆపించి మళ్ళీ చదివించుకుంది. అత్తగారు ఉల్లిపాయలు తరుగుతున్నదల్లా లేచి వచ్చి, కత్తితో సహా గుమ్మంలో నిలబడి వింది.

ఆడపడుచు వెర్నియరు తీసి పన్నెండింటినీ కొలిచింది. "ఒకటింపావు తగ్గించారు. మనం కోసినంతే."

"పన్నెండూనా?"

"పన్నెండూ. దారమంత తేడా లేదు. మనవాళ్ళు బాగానే చేశారే."

"మనవాళ్ళంటే?"

"బట్టీ వాళ్ళు. ఇప్పుడు మన కొలతతో చేస్తున్నారు కదా, మనవాళ్ళు కాక ఎవరు?"

పిన్ని పగలబడి నవ్వింది. ఉత్తరంతో పాటు వచ్చిన ఫారం మీద సంతకాలు పెట్టాలి. సంతకం పక్కన "హోదా" అని ఒక గడి ఉంది. ఆడపడుచు తన గడిలో "టర్నరు" అని రాసి, కలం వదినకి ఇచ్చింది. ఇన్నేళ్ళలో పిన్నిని ఆ ప్రశ్న కాగితం మీద అడిగినవాళ్ళు లేరు. కలం పట్టుకుని కాసేపు ఆలోచించింది. తర్వాత గుండ్రటి పెద్ద అక్షరాలతో, గడి చాలక అంచు దాటిపోతున్నా లెక్కచెయ్యకుండా, "బీరు కుళాయిల మెకానిక్కు" అని రాసి, సిరా ఆరేదాకా ఊదుతూ కూర్చుంది.